ఏ వాసన తగిలితే మీ చిన్నప్పటి ఊరు గుర్తొస్తుంది? (గుంటూరు, బెజవాడ వాళ్ళు ఇటు రండి)

బ్రాడీపేట పిల్ల | ఆదివారం, ఉదయం 10:05

మా కింద ఫ్లాటుకి రంగులు వేస్తున్నారు. కుంచెలు కిరసనాయిల్లో కడిగినట్టున్నారు, లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుప్పుమంది. ఉండేది పుణేలో. కానీ ఆ క్షణం మాత్రం నేను బ్రాడీపేట నాలుగో లైన్లో, మా అద్దింటి వంటగదిలో ఉన్నాను. అమ్మ వత్తుల స్టవ్వు ఆర్పింది. తెల్లటి పొగ లేచింది. మూలన రేషను షాపు నీలం కిరసనాయిలు డబ్బా, ఒలక్కుండా దాని మూతికి చుట్టిన పాత బనీను గుడ్డ. ఆ గుడ్డ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి గుర్తుకొచ్చిన పాపాన పోలేదు. ఆ ఇంటి ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. వాటిని చూస్తే ‘ఓహో’ అనిపిస్తుంది, అంతే.

మీకు ఏ వాసనకి ఇలా అవుతుంది? మల్లెపూలు, తొలకరి మట్టి అని రాయబోయే వాళ్ళకి ముందే దణ్ణం. అవి అందరికీ ఉన్నవే. మన ఊళ్ళకే ఉన్నవి చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు | ఆదివారం, ఉదయం 10:31

మల్లెపూలు వద్దన్నారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. బందరు కాలువ బురద.

నవ్వకండి. ఎండాకాలం కాలువలు కట్టేశాక నీళ్ళు తగ్గి అక్కడక్కడా మడుగులు మిగిలేవి. వీధిలో పిల్లలందరం చేపల కోసం దిగేవాళ్ళం. మోకాళ్ళ దాకా నల్ల బురద, కుళ్ళిన గుర్రపుడెక్క, దాంట్లో గాజుపెంకులు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. దొరికేది చిటికెన వేలంత చేపపిల్ల. ఇంటికెళ్తే నాయనమ్మ గుమ్మం అవతలే నిలబెట్టి నెత్తిన బిందె గుమ్మరించేది. తిట్లు అదనం. ఇప్పుడు నేనుండేది బెంగుళూరులో. అక్కడ చెరువులు ఎండితే జనం ముక్కు మూసుకుని పోతారు, నేను బండి ఆపుతాను. మా ఆవిడకి ఇది ఇప్పటికీ అర్థం కాలేదు.

తెనాలి మేనల్లుడు | ఆదివారం, ఉదయం 11:20

గుంటూరంటే మిర్చి తర్వాతే ఏదైనా. సంక్రాంతి దాటాక మామయ్య వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. సీజను మొదలైతే చాలు, ఊరు దగ్గర పడుతుండగానే బస్సులో ఒకరు తుమ్ముతారు, తర్వాత వరసపెట్టి అందరూ. డ్రైవరు మాత్రం తుమ్మడు, అలవాటు! మామయ్యకి యార్డులో కమీషన్ కొట్టు. ఆయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చే రూపాయి నోటు కూడా ఘాటే. ఆ వాసన తగిలితే చాలు, వేసవి సెలవులు వచ్చేసినట్టే ఉంటుంది నాకు.

ముక్కు డాక్టరు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

చర్చ బాగుంది. వృత్తిరీత్యా ఒక్క అడ్డుపుల్ల వేస్తాను, ఏమనుకోకండి. మిర్చి ఘాటు అసలు వాసనే కాదు.

మిరపకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌కి వాసన లేదు. వాసన పట్టే కణాలు ముక్కు పైకప్పు దగ్గర ఉంటాయి, వాటికి దీనితో పనిలేదు. ముఖంలో నొప్పి, మంట, వేడి కనిపెట్టే నరం వేరే ఉంది, ట్రైజెమినల్ అంటాం. పొడి గాల్లో లేచి ముక్కులో, కళ్ళలో, గొంతులో తగిలితే ఆ నరం ‘నిప్పు’ అని కబురు పెడుతుంది. తుమ్ము, దగ్గు, కన్నీళ్ళు దానికి జవాబు. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కడం, ఉల్లిపాయ తరిగితే కళ్ళమ్మట నీళ్ళు రావడం కూడా ఈ నరం పనే. ఎండుమిరపకి సొంత వాసన లేదని కాదు, ఉంది. కాస్త తియ్యగా, ఎండుగడ్డికి దగ్గరగా ఉంటుంది. దాన్ని ఘాటు పైకి రానివ్వదు.

కృష్ణలంక కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:06

డాక్టరు గారూ, ఒక్క పోస్టుతో గుంటూరు జిల్లా పరువు తీసి ఆరేశారు. బెజవాడ తరఫున ధన్యవాదాలు.

బ్రాడీపేట పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సరే, మిర్చి సంగతి ఒప్పుకున్నాం (ఒప్పుకోలేదు). మరి ఫోటోకి చలించనిది కిరసనాయిలుకి ఎందుకు చలిస్తుంది డాక్టరు గారూ?

ముక్కు డాక్టరు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

చూపు, వినికిడి, స్పర్శ మెదడు పైపొరకి చేరేముందు థలామస్ అనే మజిలీలో ఆగుతాయి. వాసనకి ఆ మజిలీ తప్పనిసరి కాదు. ముక్కు పైనుండే వాసన గడ్డ నుంచి నరాల దారి నేరుగా అమిగ్డలా వైపు, హిప్పోక్యాంపస్‌కి సంబంధించిన భాగాల వైపు పోతుంది. మొదటిది భయం, ఇష్టం, వెగటు లాంటి ఉద్వేగాల చోటు, రెండోది జ్ఞాపకాలు కట్టే చోటు. అందుకే పేరు తట్టకముందే మనసు కదిలిపోతుంది. మనుషుల్లో పనిచేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యు కుటుంబాన్ని కనిపెట్టినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకి 2004లో నోబెల్ వచ్చింది.

ఇంకోటి. మాటలతోనో ఫోటోలతోనో గుర్తు చేస్తే జనానికి ఎక్కువగా పది నుంచి ముప్ఫయ్యేళ్ళ మధ్య సంగతులు వస్తాయి. వాసనతో అయితే పదేళ్ళ లోపువి ఎక్కువ వస్తాయని పరిశోధనలున్నాయి. అయితే అంత బలంగా తోచిందని అది అంత నిజమనుకోకూడదు. డబ్బా మూతికి చుట్టింది బనీను గుడ్డేనా, తువ్వాలా అన్నది మీ అమ్మగారిని అడగండి.

బ్రాడీపేట పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 1:52

ఫోన్ చేశాను. ‘బనీనో, లుంగీనో, ఆ ఇంట్లో మీ నాన్న వదిలిందేదో ఒకటి’ అంది.

యార్డు వెనక వీధి | ఆదివారం, సాయంత్రం 6:48

నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను. డాక్టరు గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

మా అమ్మ సీజన్లో ముచ్చికలు తీయడానికి వెళ్ళేది. టిక్కీలు (మిర్చి బస్తాలు) కుమ్మరించి, ఆడవాళ్ళంతా చుట్టూ కూచుని ఒక్కో కాయకీ ముచ్చిక తుంచి, తాలు వేరు చేయాలి. కూలి కిలో లెక్క. మూతికి పైట కట్టుకునేవాళ్ళు, అంతకు మించి ఏమీ లేదు. సాయంత్రం వచ్చి చేతులు మజ్జిగతో కడిగేది, కొబ్బరినూనె రాసేది. మంట తగ్గేది కాదు. రాత్రి నిద్రలో కూడా చేతులు మంచం పట్టె మీద నుంచి బయటికి వేలాడేసి ఉంచుకునేది, గాలి తగులుతుందని.

ఆ నెలల్లో మమ్మల్ని ముట్టుకునేది కాదు. నాకు అన్నం కలిపి పెట్టింది, తలకి నూనె రాసింది మా అక్క. జ్వరం వస్తే అమ్మ అరచెయ్యి పెట్టి చూసేది కాదు, మణికట్టు పైభాగం నుదుటికి ఆనించి చూసేది. అందరి అమ్మలూ అలాగే చూస్తారనుకునేవాణ్ణి. పెళ్ళయ్యాక మా ఆవిడ పిల్లాడి నుదుటి మీద అరచెయ్యి వేస్తే విడ్డూరంగా చూశాను.

చీర మార్చుకున్నా జుట్టులో ఆ ధూళి ఉండేది. పక్కన పడుకుంటే తుమ్ములే. అయినా అక్కడే పడుకునేవాణ్ణి.

అది వాసన కాదు, మంట అన్నారు కదా డాక్టరు గారూ. అవునేమో. నాకు మాత్రం అమ్మ వాసన అదే. పైన ఒకాయన బస్సులో పీల్చి వేసవి సెలవులంటున్నారు, బాగుంది, తప్పు పట్టను. మేం అదే ఇంట్లో పీల్చాం. హైదరాబాదులో మలక్‌పేట మార్కెట్ పక్క నుంచి వెళ్ళినప్పుడు కళ్ళు తుడుచుకుంటాను. ఆ నీళ్ళలో మీ నరం వాటా ఎంతో, మిగతాది ఎంతో తేల్చలేను.

తెనాలి మేనల్లుడు | ఆదివారం, రాత్రి 7:30

అన్నా, మీ అమ్మగారికి నమస్కారం. కానీ ఒక మాట, మా మామయ్య కూడా పొద్దస్తమానం ఆ టిక్కీల మధ్యే కూచున్నాడు. ముసలితనంలో దగ్గు ఆయనకీ వచ్చింది. యార్డు ఎవర్నీ వదల్లేదు.

యార్డు వెనక వీధి | ఆదివారం, రాత్రి 7:44

కాదనను తమ్ముడూ. మామయ్యగారు సాయంత్రం కొట్టుకి తాళం వేస్తే ఆయనకి ఘాటు ఆగింది. మాకు అప్పుడే ఇంట్లోకి వచ్చేది. అంతే తేడా.

కృష్ణలంక కుర్రోడు | ఆదివారం, రాత్రి 7:51

అమ్మ ఇప్పుడెలా ఉన్నారన్నా?

యార్డు వెనక వీధి | ఆదివారం, రాత్రి 8:10

బాగుంది. పని మానేసి చాలా కాలమైంది. ఇంట్లోకి కారం పట్టించాలంటే కాయలకి ముచ్చికలు ఇప్పటికీ తనే తీస్తుంది. నేను చెయ్యి వేస్తే ‘నీ పని తెమలదు, లే’ అంటుంది.

బ్యారన్ కాడ బుడ్డోడు | ఆదివారం, రాత్రి 9:25

మాది చిలకలూరిపేట వైపు. పాత గుంటూరు జిల్లా అంటే మిర్చి ఒక్కటే రాస్తే ఎట్టా? వర్జీనియా పొగాకు ఏమైనట్టు? 1976లో పొగాకు బోర్డు పెట్టినప్పుడు ఆఫీసు గుంటూరులోనే పెట్టారు, ఊరికే పెట్టారా?

పచ్చాకు కర్రలకి అల్లి బ్యారన్లో, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో, అంతస్తులుగా వేలాడదీసేవాళ్ళు. బయట పొయ్యిలో కట్టెలు, లోపల గొట్టాల్లో వేడి. ఆకు పచ్చ నుంచి పసుపు తిరిగే రాత్రి ఒక తియ్యటి వాసన వస్తుంది చూడండి, కాలిన పొగాకు కంపుతో దానికి చుట్టరికమే లేదు. వేడి ఒక్క పిసరు తప్పితే ఆకు నల్లబడి రేటు పడిపోతుంది, అందుకని నాయన నిద్రపోకుండా థర్మామీటరు చూసుకుంటా కూచునేవాడు. నాకు ఆయనతో మాట్లాడే టైము అదొక్కటే. పొయ్యి కాడ చిలగడదుంపలు కాల్చిపెట్టేవాడు. పొగాకు మంచిదని నేను చెప్పట్లా, నేను బీడీ కూడా ముట్టను. కానీ ఆ తియ్యదనం మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

పాత వన్‌టౌన్ | సోమవారం, ఉదయం 5:40

పొద్దున్నే లేచే అలవాటు, మన్నించాలి. నాకు డెబ్భై దాటాయి. మీరంతా తిండి, పంటలు రాస్తున్నారు. మా బెజవాడ వాసన బొగ్గు. రైల్వే జంక్షన్ ఊరు ఇది. ఉతికి ఆరేసిన పంచెల మీద నల్లటి నలుసులు పడేవి. సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైలు పట్టాలుండేవంటే మా మనవడు నమ్మడు. మా పెద్దమ్మ వాళ్ళిల్లు ఆ పట్టాల పక్కనే. బండి వెళ్ళాక కాసేపు గాల్లో తడిసిన బొగ్గు, ఆవిరి, వేడెక్కిన నూనె కలిసిన వాసన ఉండేది. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ వాసన ప్రపంచంలోనే లేకుండా పోయింది. కిరసనాయిలు ఎక్కడో అక్కడ దొరుకుతుంది అమ్మాయీ, ఇది దొరకదు.

ఇంకోటి కూడా చెప్పి ఆపేస్తాను. విశాలాంధ్ర పుస్తకాల షాపులో సోవియట్ పిల్లల పుస్తకాలు. మాస్కోలో అచ్చయిన తెలుగు! గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగు బొమ్మలు, మన జేబుకి అందే ధర. చదవడానికి ముందు మధ్యలోకి విప్పి ముక్కు పెట్టేవాళ్ళం. ఆ సిరా, ఆ జిగురు మన అచ్చాఫీసుల్లో లేవు. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి, కానీ వాసన సగానికి పైగా దుమ్ముదే.

కృష్ణలంక కుర్రోడు | సోమవారం, ఉదయం 8:12

తాతగారూ, మీరు ఆపకండి. కాళేశ్వరరావు మార్కెట్ గురించి కూడా రాయండి. అరటిగెలలు, కొత్తిమీర, తడిసిన గోనెసంచులు... మా నాన్న సైకిలు వెనక కూచుని వెళ్ళేవాణ్ణి.

బీసెంట్ రోడ్డు బాలు | సోమవారం, ఉదయం 9:35

డాక్టరు గారి వాదనకి సాక్ష్యం నేనే. 2021లో కోవిడ్ రెండో విడతలో నాకు వాసన పూర్తిగా పోయింది. కాఫీ వేడినీళ్ళు, సాంబారు వేడినీళ్ళు. కానీ మా ఆవిడ తాలింపులో ఎండుమిరపకాయ వేస్తే మాత్రం దగ్గొచ్చేది! అప్పుడు నాకు అర్థం కాలేదు, ముక్కు సగం పనిచేస్తోందేమో అని సంబరపడ్డాను కూడా. ఇప్పుడు తెలిసింది, అది వేరే డిపార్ట్‌మెంటు.

వాసన లేని రోజుల్లో తిండి కన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇల్లు. మా ఇంట్లో నేనే ఎవరింట్లోనో ఉన్నట్టుండేది. డాక్టరు వాసన కసరత్తు చెప్పారు. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగూ పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ కాసేపు పీల్చాలి. పీలుస్తూ అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. నెలల తరబడి చేశాను. మొదట లవంగం వచ్చింది, అదీ వంకరగా, కాలిన రబ్బరు కంపుతో కలిసి. తర్వాత నెమ్మదిగా సర్దుకుంది. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న కరిగే వాసన మళ్ళీ తెలిసిన రోజు సర్వరు నన్ను చూసి ‘ఏమైందండీ’ అని అడిగాడు. చిన్నప్పుడు నాన్న ఆదివారం పొద్దున తీసుకెళ్ళేవారు, ఏం చెప్పను అతనికి?

ముక్కు డాక్టరు | సోమవారం, ఉదయం 10:20

బాలు గారూ, వంకరగా రావడం సాధారణంగా మంచి సూచనే, నరాలు మళ్ళీ అతుక్కునే దశలో అలా జరుగుతుంది. వాసన పోయి ఇంకా రాని వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి కలవండి. ఆలస్యమైందని కసరత్తు మానకండి.

సింగ్‌నగర్ టీచరు | సోమవారం, సాయంత్రం 5:55

అందరూ తీపి జ్ఞాపకాలు రాస్తున్న చోట ఇది రాయొచ్చో లేదో.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు మా ఇళ్ళల్లోకి వచ్చింది. నీళ్ళు తీశాక ఫైరింజన్లు తెచ్చి వీధులూ ఇళ్ళూ కడిగారు, బ్లీచింగ్ చల్లారు. ఆ బురద, మురుగు, ఉబ్బిపోయిన పరుపులు, ఫ్రిజ్జులో కుళ్ళిన తిండి, పైన బ్లీచింగ్. నేను పెద్దదాన్ని, నాకు అంతకు ముందు వేరే వాసనలున్నాయి. నా క్లాసులో పిల్లలకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఈ మధ్య స్కూల్లో నీళ్ళ ట్యాంకు కడుగుతూ బ్లీచింగ్ వేశారు. ఒక పిల్ల లేచి పుస్తకాల సంచీ తీసి బల్ల మీద పెట్టుకుంది. చెప్పకుండానే ఇంకో ముగ్గురు అదే చేశారు. కింద తడుస్తుందని!

డాక్టరు గారూ, పదేళ్ళ లోపు పట్టుకున్న వాసన పోదన్నారు కదా. వీళ్ళ సంగతేంటి?

[ఈ చోట ఉన్న రెండు పోస్టులు తొలగించాం. వరదకి బాధ్యులెవరన్న చర్చకి రాజకీయాల విభాగం ఉంది, అక్కడ తిట్టుకోండి. – నిర్వాహకుడు]

ముక్కు డాక్టరు | సోమవారం, రాత్రి 9:05

పోదని కాదమ్మా, బలంగా ఉంటుందని. అదే వాసన మంచి సందర్భాల్లో పదే పదే తగిలితే పాత ముడి వదులవుతుంది. బ్లీచింగ్ వేసే రోజు ముందే చెప్పండి పిల్లలకి. వీలైతే ఆ వేళకి ఆటల పీరియడ్ పెట్టండి. హఠాత్తుగా తగలకుండా చూస్తే సగం భయం పోతుంది. నిద్ర పట్టకపోవడం, వానంటే వణికిపోవడం ఉంటే మాత్రం పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి పంపండి, నా పరిధి కాదు అది.

సింగ్‌నగర్ టీచరు | సోమవారం, రాత్రి 9:18

ఆటల పీరియడ్ మాట బాగుంది. హెడ్మాస్టారుని అడుగుతాను.

కొండపల్లి కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మాది చిన్నది. తెల్లపొణికి కర్ర చెక్కేటప్పుడు వాసన పెద్దగా ఉండదు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు, బొమ్మకి చేతులూ తలా అతికేది దాంతోనే. ఆ మక్కు తడిగా ఉన్నప్పుడు వచ్చే పులుపు వాసన తగిలితే మా పిల్లలు ‘అమ్మమ్మ ఇల్లు’ అంటారు. నాకది అత్తారిల్లు! ఒకే గిన్నె.

పడుగుపేక | మంగళవారం, సాయంత్రం 7:02

గుంటూరు, బెజవాడ కొట్టుకుంటుంటే మధ్యలో మంగళగిరి ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. మామూలే.

మా వీధి వాసన గంజి. తెల్లారకముందే వీధి పొడుగునా కర్రలు నిలబెట్టి పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు) సాగదీస్తారు. బియ్యపు గంజిలో కాస్త నూనె వేసి పట్టించి, ఇద్దరు మనుషులు ఇటూ అటూ నడుస్తూ పెద్ద కుంచెతో దువ్వుతారు. పోగు పోగుకీ అంటుకోకుండా ఆరాలి. ఆ తడి నూలు వాసనలో నిద్రలేచిన వాణ్ణి నేను. కొత్త చొక్కా కొంటే ముందు ముక్కు దగ్గర పెట్టి చూస్తాను, మిల్లు గుడ్డకి ఆ వాసన ఉండదు.

రెండోది పానకం. కొండ మీద స్వామికి బెల్లం పానకం పోస్తారు కదా. బెల్లం, మిరియాలు, యాలకులు, లోపల హారతి కర్పూరం, ఎక్కి వచ్చిన జనం చెమట. అంత బెల్లం ఒలికినా అక్కడ చీమ కనపడదంటారు. నేను చిన్నప్పుడు చీమని పట్టుకుని అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను, వదిలి చూద్దామని. మెట్ల మీదే అగ్గిపెట్టె పారేసుకున్నాను, కాబట్టి ఆ విషయం ఇంకా తేలలేదు.

బ్రాడీపేట పిల్ల | మంగళవారం, రాత్రి 8:30

చీమ సంగతి చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. వచ్చే నెల అమ్మ దగ్గరికి వస్తున్నా. పడుగు వీధిలో సాగదీయడం ఇప్పటికీ చూడొచ్చా అండీ? మా అబ్బాయికి చూపించాలని ఉంది, వాడికి ఇప్పటిదాకా తెలిసిన ఊరి వాసన కారు ఏసీ ఒక్కటే.

పడుగుపేక | మంగళవారం, రాత్రి 9:14

తగ్గిపోయింది గానీ ఉంది. వాన లేని రోజు చూసుకుని చీకటితోనే రండి. ఎండెక్కితే పోగు తెగుతుంది, అప్పటికి చుట్టేస్తారు. కారు మెయిన్ రోడ్డు మీదే ఆపండి. వీధిలోకి వచ్చాక అటు నుంచి ఇటు దాటాలంటే పడుగు కింద నుంచి వంగి వెళ్ళాలి, అబ్బాయికి ముందే చెప్పండి. చెయ్యి వేస్తే మా బాబాయి ఊరుకోడు, పుణే నుంచి వచ్చారని కూడా చూడడు.